మీ ఊరి నీళ్లలో మందు ఉందా? రంగు చూసి తెలుసుకోండి



వాంతులు, విరేచనాలతో వచ్చిన బిడ్డ చాలాసార్లు రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది. సెలైన్ ఎక్కిస్తాము, ఓఆర్‌ఎస్ తాగిస్తాము, జింకు మాత్రలు ఇస్తాము. మీరు సంతోషంగా ఇంటికి తీసుకుపోతారు. అయితే ఇంటి దగ్గర ఆ బిడ్డ మళ్లీ తాగేది ఏ నీళ్లు? ఏ నీళ్లు తాగి జబ్బు పడిందో అవే నీళ్లు. వానాకాలంలో ఒకే ఇంటి నుంచి మొదట అన్న, కొద్ది రోజులకు చెల్లెలు, ఆ తర్వాత నాయనమ్మ వార్డుకు రావడం మేము చూస్తూనే ఉంటాము. రోగికి మందు పడింది గాని ఊరి నీళ్లకు మందు పడలేదు.

నీళ్లకు వేసే మందు క్లోరిన్. ఊళ్లో వేసే బ్లీచింగ్ పౌడరులోనూ, ఆశా కార్యకర్త ఇచ్చే క్లోరిన్ బిళ్లలోనూ ఉండేది ఇదే. "ట్యాంకులో మందు వేశాము" అని పంచాయతీవాళ్లు అంటారు. "ఎక్కడ వేశారు, మాకేం తెలియదు" అని ఊరివాళ్లు అంటారు. ఈ తగువుకు ఒక్క నిమిషంలో తీర్పు చెప్పే పరీక్ష ఒకటి ఉంది. నీళ్లలో రెండు మూడు చుక్కల మందు వేసి రంగు చూడడమే ఆ పరీక్ష. చదువు రానివాళ్లు కూడా చేయగలరు. దాని గురించి మీకు వివరంగా చెప్పాలని ఈ వ్యాసం.

తేటగా ఉన్న నీళ్లన్నీ మంచివి కావు

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతంలో నీళ్లు రకరకాలుగా దొరుకుతాయి. గోదావరి ఒడ్డు ఊళ్లలో నల్లా నీళ్లు, లోపలి ఊళ్లలో బోరింగులు, చేదబావులు, ఉట్నూరు, జైనూరు, కెరమెరి, తిర్యాణి వైపు గూడేల్లో వాగు ఇసుకలో తవ్విన చెలిమలు. చెలిమలో ఊరిన నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి, తియ్యగా కూడా ఉంటాయి. కాని వాన పడగానే పైన బయలుకు వెళ్లిన చోటి మురికి, పశువుల పేడ కొట్టుకొచ్చి ఆ వాగులోనే కలుస్తాయి. కలరా, టైఫాయిడ్, జిగట విరేచనాలు, పచ్చకామెర్లు తెచ్చే క్రిములు కంటికి కనబడవు. వాటికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు.

ఇది ఎవరో ఊహించి చెప్పిన మాట కాదు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవాళ్ల గురించి విచారించి లెక్క తీశాడు. వాళ్లలో చాలామంది బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒకే చేతిపంపు నీళ్లు తాగినట్లు తేలింది. ఆయన చెప్పిన మీదట ఆ పంపు పిడిని తీసివేశారు. ఆ పంపు నీళ్లు చూడడానికి తేటగానే ఉండేవి. తర్వాత 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో ఊరి మొత్తానికి వెళ్లే నీళ్లలో రోజూ క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. ఆ పద్ధతే మెల్లగా ప్రపంచమంతా వ్యాపించింది. మన ట్యాంకు ఎక్కి వాటర్‌మన్ కలిపే తెల్లని పొడి వెనుక నూరేళ్లు దాటిన అనుభవం ఉంది.

క్లోరిన్ వేస్తే చాలదు, మిగలాలి

ఈ ఒక్క మాట అర్థమైతే మిగతాదంతా సులువు. నీళ్లలో క్లోరిన్ వేయగానే అది ముందు కనబడ్డ మురికి మీద పడుతుంది. మట్టి, ఆకు కుళ్లు, పాచి, ఇనుము ఇవన్నీ దాన్ని కొంత తినేస్తాయి. ఆ తర్వాత క్రిములను చంపుతుంది. ఈ పనులన్నీ అయ్యాక కూడా నీళ్లలో కొంచెం క్లోరిన్ మిగిలి ఉండాలి. దాన్నే మిగులు క్లోరిన్ అంటారు.

మిగులు ఎందుకు? ట్యాంకు నుంచి మీ నల్లా దాకా పైపు ఎంతో దూరం వస్తుంది. దారిలో ఎక్కడైనా పగులు ఉంటే మోరీ నీళ్లు లోపలికి వస్తాయి. మీ ఇంట్లో బిందెలో చెయ్యి ముంచితే క్రిములు దిగుతాయి. అప్పుడు ఆ క్రిములను చంపడానికి నీళ్లలో కాపలాదారు ఒకడు ఉండాలి. మిగులు క్లోరిన్ ఆ కాపలాదారు. ట్యాంకులో ఎంత వేశారన్నదాని కంటే చిట్టచివరి ఇంటి నల్లాలో ఎంత మిగిలిందన్నదే ముఖ్యం.

మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం ఇంటి నల్లా దగ్గర లీటరు నీళ్లలో కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలి. అతిసారం గాని కామెర్లు గాని ప్రబలినప్పుడు 0.5 దాకా ఉండడం మంచిది. ఇది చాలా చిన్న మోతాదు. తాగేవాళ్లకు హాని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 మిల్లీగ్రాముల వరకు కూడా హాని లేదని చెప్పింది. ఇంత చిన్న మోతాదును నాలుకతో కచ్చితంగా చెప్పలేము. అందుకే రంగు పరీక్ష.

రంగు ఎలా వస్తుంది?

పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుందని మీకు తెలుసు. పసుపూ ఎరుపు కాదు, సున్నమూ ఎరుపు కాదు. రెండూ కలిస్తే ఎరుపు పుడుతుంది. గంజిలో గాయానికి పూసే టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలం రంగు వస్తుంది. ఒక వస్తువు ఉన్నదా లేదా అని ఇలా రంగుతో కనిపెట్టడమే ఈ పరీక్షల మూలసూత్రం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యం గంజి, అయోడైడు కలిపిన ద్రవంతోనే నీళ్లలో క్లోరిన్ చూసేది. క్లోరిన్ ఉంటే నీలం, లేకపోతే రంగు రాదు.

ఇప్పుడు మన ఊళ్లలో రెండు రకాల మందులు వాడుతున్నారు.

మొదటిది ఆర్థోటోలిడిన్. దీన్ని ఓటీ ద్రావణం అంటారు. చిన్న సీసాలో వస్తుంది. క్లోరిన్ ఉన్న నీళ్లలో వేస్తే పసుపు రంగు వస్తుంది. పంచాయతీలో క్లోరోస్కోపు అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో గాజు గొట్టం, ఓటీ సీసా, రంగుల పట్టీ ఉంటాయి.

రెండవది డీపీడీ. ఇది బిళ్లగా గాని పొడిగా గాని వస్తుంది. క్లోరిన్ ఉంటే నీళ్లు గులాబి రంగుకు మారతాయి. ఓటీ ద్రావణం ఒంటికి మంచిది కాదనీ, క్యాన్సర్ కలిగించవచ్చనీ అనుమానం ఉన్నందువల్ల చాలా దేశాల్లో డీపీడీ వైపు మళ్లారు. అయినా ఓటీ చౌక, సులువు. జాగ్రత్తగా వాడితే భయపడనక్కరలేదు.

రెండింటిలోనూ నియమం ఒకటే. క్లోరిన్ ఎంత ఎక్కువ ఉంటే రంగు అంత ముదురుగా వస్తుంది.

పరీక్ష చేసే పద్ధతి

1. మీ వాడలో ట్యాంకుకు అన్నిటికంటే దూరంగా ఉన్న నల్లాను ఎంచుకోండి. అక్కడ క్లోరిన్ ఉంటే మధ్యలో అందరికీ ఉన్నట్లే.

2. నల్లా తిప్పి ఒకటి రెండు నిమిషాలు నీళ్లు పోనివ్వండి. పైపులో నిలిచిన నీళ్లు వెళ్లిపోవాలి.

3. గాజు గొట్టాన్ని అదే నీళ్లతో రెండుసార్లు కడగండి. తర్వాత గీత వరకు నింపండి.

4. పెట్టె మీద రాసినన్ని ఓటీ చుక్కలు వేయండి. ఒక్కో కంపెనీ పెట్టెలో చుక్కల లెక్క ఒక్కో రకంగా ఉంటుంది. కాబట్టి ఇంకొకరి లెక్క పట్టుకోకండి.

5. మూత పెట్టి ఒకసారి తలకిందులు చేయండి. వేలు అడ్డం పెట్టి ఊపకండి.

6. వెంటనే, పది సెకన్ల లోపల, పగటి వెలుతురులో తెల్లకాగితం ముందు పెట్టి రంగుల పట్టీతో పోల్చండి. ఎర్రటి ఎండ నేరుగా పడకూడదు. రాత్రి పసుపు బల్బు కింద చూడకూడదు.

7. రంగు ఏ అంకెకు కలిసిందో తేదీ వేసి రాసుకోండి.

8. పరీక్ష చేసిన నీళ్లను మోరీలో పారబోయండి. పశువుల తొట్టిలో గాని వంట గిన్నెలో గాని పోయకూడదు. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఓటీలో ఆమ్లం ఉంటుంది, ఒంటి మీద పడితే నీళ్లతో బాగా కడగాలి. సీసాను పిల్లలకు అందకుండా, చీకటి చోట పెట్టాలి.

పది సెకన్లు ఎందుకంటే, వెంటనే వచ్చే పసుపు స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్‌ది. గట్టిగా పని చేసేది అదే. మెల్లగా ముదిరే పసుపు మురికితో ముడిపడిపోయిన క్లోరిన్‌ది. దాని బలం తక్కువ. చాయ్ తాగి వచ్చి చూస్తే రెండూ కలిసిపోయి లెక్క తప్పుతుంది.

ఇంకో సంగతి. ఈ పరీక్ష నల్లా దగ్గరే చేయాలి. సీసాలో పట్టి పట్నం పంపిస్తే దారిలోనే క్లోరిన్ ఎగిరిపోతుంది.

రంగు ఏమి చెబుతోంది?

రంగు అసలు రాలేదు: క్లోరిన్ లేదు. ఆ నీళ్లను అలాగే తాగవద్దు. మరిగించాలి, లేదా క్లోరిన్ బిళ్ల వేయాలి. పంచాయతీకి ఆ రోజే చెప్పాలి.

లేత పసుపు, పట్టీలో 0.2 నుంచి 0.5: సరిపోయింది. తాగవచ్చు.

బాగా పసుపు, 1 దాకా: వాసన తెలుస్తుంది, తాగితే హాని లేదు. మూత వదులు చేసి కొంతసేపు ఉంచితే వాసన తగ్గుతుంది.

నారింజ, ఎర్రటి గోధుమ రంగు: మందు చాలా ఎక్కువ పడింది. ట్యాంకు దగ్గరవాళ్లకు చెప్పి, వాళ్లు సరిచేసేదాకా ఆగండి.

రంగు మోసం చేసే సందర్భాలు

ఏ పరీక్షకైనా కొన్ని పొరపాట్లు ఉంటాయి. అవి తెలిసి ఉండాలి.

కొన్ని బోరింగు నీళ్లలో ఇనుము ఎక్కువ. బిందె అడుగున తుప్పు రంగు పేరుకుంటుంది. అలాంటి నీళ్లలో క్లోరిన్ లేకపోయినా ఓటీ వేస్తే పసుపు రావచ్చు. మాంగనీసు, నైట్రైటు ఉన్నా ఇదే జరుగుతుంది. కాబట్టి మందు వేయని బోరింగు నీళ్లను ఒకసారి పరీక్షించి చూడండి. అక్కడే పసుపు వస్తే ఆ ఊళ్లో ఓటీని నమ్మకుండా డీపీడీ అడగాలి, నీళ్లను ప్రయోగశాలకు పంపించాలి.

డీపీడీతో ఇంకో చిక్కు. క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబి రంగు వచ్చీ రాగానే వెలిసిపోతుంది. చూసినవాళ్లు "క్లోరిన్ లేదు" అనుకుని ఇంకా వేస్తారు. ఘాటు వాసన వస్తూ రంగు లేకపోతే, ఒక వంతు ఆ నీళ్లకు తొమ్మిది వంతులు మందు లేని మంచి నీళ్లు కలిపి మళ్లీ చేయండి. వచ్చిన అంకెను పదితో హెచ్చించాలి.

పాత మందు కూడా మోసం చేస్తుంది. సీసా మీద గడువు తేదీ చూడండి. అనుమానం ఉంటే బకెట్టు నీళ్లలో చిటికెడు బ్లీచింగ్ పౌడరు కలిపి ఆ నీళ్లతో పరీక్షించండి. అప్పుడు కూడా రంగు రాకపోతే ఓటీ గాని పౌడరు గాని చచ్చిపోయిందన్నమాట.

పసుపు వేసి చూస్తే చాలు కదా అని కొందరు అడుగుతారు. బ్లీచింగ్ పౌడరులో సున్నం ఉంటుంది. పసుపు ఎర్రబడితే అది సున్నం సంగతి చెబుతుంది గాని క్లోరిన్ సంగతి చెప్పదు. ఆ పద్ధతి వద్దు.

బ్రోమిన్ మాటేమిటి?

పట్నంలో చదివే పిల్లలు ఈత కొలను దగ్గర ఇలాంటి పెట్టెనే చూసి ఉంటారు. దాని మీద ఒక పక్క క్లోరిన్, ఇంకో పక్క బ్రోమిన్ అని రెండు వరుసల అంకెలు ఉంటాయి. బ్రోమిన్ క్లోరిన్‌కు తోబుట్టువు లాంటిది. 1826లో బలార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సముద్రపు ఉప్పునీటి నుంచి దాన్ని వేరు చేసినట్లు ప్రకటించాడు. దాని ఘాటు కంపును బట్టే గ్రీకు మాటతో ఆ పేరు పెట్టారు. వేడినీళ్లలో క్లోరిన్ కంటే నిలకడగా ఉంటుందని కొన్ని కొలనుల్లో బ్రోమిన్ వాడతారు.

ఓటీకి, డీపీడీకి క్లోరిన్, బ్రోమిన్ తేడా తెలియదు. రెండింటికీ ఒకే రంగు ఇస్తాయి. అందుకే పట్టీ మీద రెండు వరుసలు. ఒకే రంగుకు క్లోరిన్ 1 అని ఉంటే బ్రోమిన్ సుమారు 2.25 అని ఉంటుంది. మన ఊరి తాగునీటికి బ్రోమిన్ వేయరు. కాబట్టి మీరు క్లోరిన్ వరుసే చదవండి. తప్పు వరుస చదివితే తక్కువ ఉన్న క్లోరిన్ రెట్టింపుకు పైగా ఉన్నట్లు కనబడుతుంది. అది ప్రమాదం.

రంగు రాకపోతే ఇంట్లో ఏం చేయాలి?

మరిగించండి. బుడగలు తెర్లుతూ అయిదు నుంచి పది నిమిషాలు మరగాలి. మూత పెట్టి అదే గిన్నెలో చల్లార్చండి. కట్టెల కొరత ఉన్నవాళ్లు కనీసం పసిపిల్లలకు, బాలింతలకు, ముసలివాళ్లకు, ఆసుపత్రి నుంచి వచ్చిన రోగికి మరిగించిన నీళ్లే ఇవ్వండి.

క్లోరిన్ బిళ్ల వేయండి. అర గ్రాము బిళ్ల ఒకటి సాధారణంగా 20 లీటర్ల నీళ్లకు సరిపోతుంది. వేరే సైజు బిళ్లలు కూడా ఉంటాయి, కవరు మీద చూసి వేయండి. వేసి అరగంట ఆగాలి. ఆగకుండా తాగితే వేసినా వేయనట్లే.

నీళ్లు మురికిగా ఉంటే ముందు తేరనివ్వండి. పటిక తిప్పడం గాని, మన పెద్దలు చేసినట్లు చిల్లగింజ అరగదీసి కలపడం గాని మంచిదే. తేరిన నీళ్లను నాలుగు మడతల శుభ్రమైన గుడ్డతో వడగట్టండి. అయితే పటిక, చిల్లగింజ మట్టిని దించుతాయి గాని క్రిములను పూర్తిగా చంపవు. వాటి తర్వాత క్లోరిన్ బిళ్ల తప్పనిసరి. మురికి నీళ్లలోనే బిళ్ల వేస్తే ఆ మురికే బిళ్లను తినేస్తుంది.

చేదబావికి మందు వేసే లెక్క

బావి అడ్డం కొలతను మీటర్లలో తీసుకోండి. దాన్ని అదే అంకెతో హెచ్చించండి. నీటి లోతుతో హెచ్చించండి. 3.14తో హెచ్చించి నాలుగుతో భాగించండి. వచ్చినదాన్ని వెయ్యితో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. ఉదాహరణకు అడ్డం 2 మీటర్లు, నీళ్ల లోతు 3 మీటర్లు అయితే సుమారు 9,400 లీటర్లు.

వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు లెక్కన ఈ బావికి సుమారు 24 గ్రాములు కావాలి. పొడిని నేరుగా బావిలో చల్లకూడదు. బకెట్టులో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పాతిక వంతు నీళ్లు పోసి కలియబెట్టి, పది నిమిషాలు ఉంచండి. సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లనే ఇంకో బకెట్టులోకి వంచి బావిలోకి దించి, పైకి కిందికి ఆడించి కలపండి. గంట ఆగి ఓటీతో చూడండి. 0.5 రాకపోతే నీళ్లలో మురికి ఎక్కువ ఉందన్నమాట, ఇంకొంచెం వేయాలి. రాత్రి వేస్తే పొద్దుటికి నీళ్లు సిద్ధంగా ఉంటాయి.

రోజూ వేయడం కుదరనివారికి నాగపూర్‌లోని నీరి సంస్థ కుండ పద్ధతి చూపించింది. ఒక కుండలో ఇంకో కుండ. లోపలి కుండలో కిలో బ్లీచింగ్ పౌడరు, రెండు కిలోల దొడ్డు ఇసుక కలిపి తడిపి పెడతారు. రెండు కుండలకూ చిన్న రంధ్రాలు ఉంటాయి. మూతి గుడ్డతో కట్టి, నీటి మట్టానికి కనీసం మీటరు లోపలికి దించుతారు. ఒక ఇంటివాళ్లు వాడుకునే చిన్న బావికి రెండు మూడు వారాల దాకా మందు మెల్లగా దిగుతూ ఉంటుంది. ఇక్కడ కూడా సరిపోయిందా లేదా అన్నది ఓటీ చెప్పాలి.

పౌడరు బలం కూడా చూడాలి. కొత్త బ్లీచింగ్ పౌడరులో సుమారు 33 శాతం పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. బస్తా మూతి విప్పి తేమ తగిలేలా పంచాయతీ గదిలో మూలన పడేస్తే నెలల్లో ఆ బలం పోతుంది. పొడి తెల్లగానే ఉంటుంది, వాటర్‌మన్ నమ్మకంగానే వేస్తాడు, నల్లాలో మాత్రం రంగు రాదు. ఇలాంటప్పుడు మనిషిని తిట్టి లాభం లేదు, బస్తా మార్చాలి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, చీకటి, పొడి చోట నిల్వ చేయాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పక్కన ఎప్పుడూ పెట్టకూడదు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

నల్లా గుంతలు

మన ఊళ్లలో నీళ్ల ధార సన్నగా వస్తోందని ఇంటి ముందు గుంత తవ్వి నల్లాను కిందికి దించుతారు. ఆ గుంతలో వాన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు, ఒక్కోసారి మోరీ నీళ్లు నిలుస్తాయి. నీళ్లు రావడం ఆగిపోగానే పైపు లోపల ఖాళీ ఏర్పడి ఆ మురికిని లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు మొదటి బిందెలో వచ్చేది అదే. పైపుకు మోటరు బిగిస్తే పీల్చడం ఇంకా ఎక్కువ. మీ ఒక్క ఇంటి గుంత వల్ల వాడంతా జబ్బు పడవచ్చు. గుంత పూడ్చండి, నల్లాను పైకి లేపండి, మూత బిగించండి.

ఎవరిని అడగాలి?

2016 తర్వాత మిషన్ భగీరథతో మన ప్రాంతంలో చాలా ఊళ్లకు శుద్ధి చేసిన నది నీళ్లు పైపుల్లో వచ్చాయి. అది మంచి సంగతి. కాని శుద్ధి కేంద్రంలో వేసిన క్లోరిన్ ఊరి ట్యాంకుకు చేరేసరికి తగ్గిపోవచ్చు. ట్యాంకు కడగకపోతే ఇంకా తగ్గుతుంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లో ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పించాలని ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో పంచాయతీ కార్యదర్శిని అడగండి. లేకపోతే మహిళా సంఘం నుంచి పేర్లు ఇవ్వండి. ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడిగితే క్లోరిన్ బిళ్లలు ఇస్తారు.

కేస్లాపూర్ నాగోబా జాతర, వేములవాడ వంటి చోట్లకు వెళ్లినప్పుడు కూడా గుర్తుంచుకోండి. వేల మంది ఒకే ట్యాంకు నీళ్లు తాగుతారు. నీళ్లు ఇంటి నుంచి తీసుకుపోవడం, లేదా బిళ్లలు వెంట ఉంచుకోవడం మంచిది.

తరచుగా మీరు అడిగే సందేహాలు

ఈ మందు వాసనకు పిల్లలు నీళ్లు తాగడం లేదు, ఏం చేయాలి? నీళ్లను బిందెలో గుడ్డ కప్పి ఒకటి రెండు గంటలు ఉంచండి, వాసన తగ్గుతుంది. ఆ రోజు నీళ్లు ఆ రోజే వాడండి. రెండో రోజుకు కాపలాదారు వెళ్లిపోతాడు.

క్లోరిన్ నీళ్లు తాగితే సంతానం కలగదంటారు, నిజమా? నిజం కాదు. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు అందరూ తాగవచ్చు. నిజానికి వాళ్లకే ఇది ఎక్కువ అవసరం.

రంగు వచ్చింది, ఇక ఏ భయమూ లేదు కదా? చాలావరకు లేదు. కాని క్లోరిన్ అన్నిటికీ మందు కాదు. అమీబా గుడ్ల వంటివి దానికి త్వరగా లొంగవు. నీళ్లలోని ఫ్లోరైడును, నైట్రేటును అది తీయదు. వాటికి వేరే పరీక్షలు ఉన్నాయి.

క్లోరిన్ వేయని బావి నీళ్లు మంచివో కావో తెలుసుకోవచ్చా? తెలుసుకోవచ్చు. 1982లో గ్వాలియర్‌కు చెందిన మన శాస్త్రవేత్తలు ఒక చిన్న సీసా పరీక్షను ప్రకటించారు. సీసాలో నీళ్లు పోసి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచుతారు. నల్లగా మారితే నీళ్లలో మలం కలిసిందని అర్థం. దీన్ని హెచ్‌టూఎస్ సీసా అంటారు. నల్లబడితే ఆ నీళ్లు అలాగే తాగరాదు.

జబ్బు వచ్చాక ఆలస్యం వద్దు

నీళ్ల విరేచనాలు మొదలవగానే ఒక లీటరు మంచి నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపండి. తల్లిపాలు ఆపకండి. అన్నం, గంజి ఆపకండి. పిల్లలకు జింకు మాత్రలు పద్నాలుగు రోజులు పూర్తిగా వేయండి, విరేచనాలు ఆగాయని మధ్యలో మానవద్దు.

కళ్లు లోపలికి పోవడం, మూత్రం రాకపోవడం, చర్మం గిల్లితే మెల్లగా వెనక్కి పోవడం, తాగలేకపోవడం, మత్తుగా పడి ఉండడం, విరేచనంలో నెత్తురు, బియ్యం కడిగిన నీళ్ల లాంటి విరేచనాలు ఆగకుండా రావడం ప్రమాద గుర్తులు. వీటిలో ఏది కనబడినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకురండి. రెండు నెలల లోపు పసికందు అయితే ఏ గుర్తు కోసమూ ఆగవద్దు. దారిలో ఓఆర్‌ఎస్ తాగిస్తూనే ఉండండి. ఒకే వాడలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే ఏఎన్ఎంకు వెంటనే చెప్పండి, నీళ్లను పరీక్షించమనండి.

ఒక చివరి మాట

పాత నిబంధనలో ఎలీషా ప్రవక్త యెరికో పట్టణానికి వెళ్లినప్పుడు, ఊరు మంచిదే గాని నీళ్లు మంచివి కావని అక్కడివారు ఆయనతో మొరపెట్టుకుంటారు. ఆయన ఇంటింటి కుండల దగ్గరికి పోలేదు, నేరుగా నీటి ఊట దగ్గరికే వెళ్లాడు. మనం నేర్చుకోవలసింది అదే. రోగిని ఇక్కడ బాగుచేయడం మా వంతు. ఊట దగ్గరికి, ట్యాంకు దగ్గరికి, బావి దగ్గరికి వెళ్లడం మీ వంతు.

డిశ్చార్జి కాగితాలు తీసుకునేటప్పుడు క్లోరిన్ బిళ్లల గురించి, ఓటీ పరీక్ష గురించి మా నర్సులను అడగండి. వార్డులో పరీక్ష చేసి చూపిస్తాము, మీ చేతులతో మీరే చేయవచ్చు. ఇంటికి వెళ్లిన మొదటి వారంలోనే మీ వాడ చివరి నల్లా నీళ్లు పరీక్షించండి. రంగు రాకపోతే నలుగురిని పిలిచి చూపించండి. ఆ నలుగురూ కలిసి పంచాయతీకి వెళ్లండి. మీ ఇంటి బిడ్డతో పాటు పక్కింటి బిడ్డ కూడా ఆసుపత్రి ముఖం చూడకుండా ఉంటుంది.

దేవుడు మీ ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం దయచేయును గాక.